ఢిల్లీ నుండి శాన్‌ఫ్రాన్సిస్కోకు దూరమెంత? కాలమెంత?



మా యూరి రావిచెట్టు క్రింది అరుగుమీద సాయంకాలము కూర్చుండు పెద్దలు నన్ను తఱచుగా అడుగు ప్రశ్న యొకటి కలదు. "పంతులుగారూ, అమెరికా ఎంత దూరమండీ?" అని వారడుగుదురు. నేను ఇన్ని వేల కిలోమీటరులని చెప్పబోవుదును. "అది కాదండీ, ఎన్ని గంటలు పడుతుందో చెప్పండి" అని వెంటనే నన్నాపుదురు. దూరమును కాలముతో కొలుచుట మన పల్లెలలో తాతలనాటి యలవాటు. పొరుగూరు చుట్ట కాలునంత సేపు. సంత జాము నడక. పట్టణము బస్సుమీద గంట. ఎద్దుబండికిని సైకిలునకును ఈ లెక్క చాలును. పోవుదారియే వచ్చుదారి, ఇచటి గడియారమే అచటి గడియారము. కాని ఆకాశయానమునకు వచ్చునప్పటికి ఈ యలవాటు మనలను మోసపుచ్చును. అచట దూరము వేఱు, పట్టుకాలము వేఱు, దిగినప్పుడు గడియారము చూపు గంట ఈ రెంటికిని వేఱు. ఈ మూటిని ఒక్కటిగా కలిపివేసి నేనొకమాఱు చేసిన తప్పును మొదట చెప్పి, పిదప లెక్కలోనికి వత్తును.

2017వ సంవత్సరము మాఘమాసమున నొక శుక్రవారము రాత్రి తొమ్మిదిగంటలకు మా యన్నగారు కాలధర్మము నొందిరి. ఆయనకు ఇద్దఱు కుమారులు. పెద్దవాడు అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో నగరమునకు సమీపమున ఉద్యోగము చేయుచున్నాడు. చిన్నవాడు ఇంటిపట్టుననే యుండి వ్యవసాయము చూచుకొనుచున్నాడు. కబురు తెలిసిన రెండుగంటలలో పెద్దవాడు నాకు ఫోను చేసినాడు. "బాబాయ్, శనివారం పొద్దున్న పదిగంటల విమానానికి టిక్కెట్టు దొరికింది. తిన్నగా ఢిల్లీకే. పదహారు గంటలు. నేను వచ్చేదాకా నాన్నగారిని ఉంచండి" అని చెప్పి, మఱి మాటలాడలేక పెట్టివేసినాడు.

ఇంటిలోని వారందఱును నా మొగము చూచిరి. నేను తెలుగు పండితుడనే యైనను, చిన్ననాట జ్యోతిషగణితము కొంత చదివినవాడను. బడిలో భూగోళము చెప్పువారు లేనప్పుడు అదియు చెప్పినవాడను. కావున వ్రేళ్లు మడచి లెక్కించితిని. శనివారము ఉదయము పదిగంటలు. దానికి పదునాఱు కలిపిన ఆదివారము తెల్లవారుజాము రెండుగంటలు. ఢిల్లీనుండి హైదరాబాదునకు ఉదయపు విమానము, అటనుండి కారు. "ఆదివారం మధ్యాహ్నానికి గుమ్మంలో ఉంటాడు" అని చెప్పితిని. పెద్దలు మొదట సమ్మతింపలేదు. ఊరిలో శవముండగా గుడి తలుపు తీయరాదు, ఇంట పొయ్యి వెలిగింపరాదు. నా మాటమీద ఆదివారము మధ్యాహ్నమువఱకు ఆగుటకు ఒప్పుకొనిరి. పట్టణమునుండి ఐసుపెట్టె తెప్పించితిమి.

శనివారమంతయు మేము వానికి ఫోను చేయలేదు. వాడు విమానములో నున్నాడని నా లెక్క. ఆ రాత్రి పదునొకండు గంటలకు వాడు విమానమెక్కబోవుచు తమ్ముని ఫోనునకు పిలిచెనట. తమ్ముడు ఏడ్చి యలసి నిద్రలో నుండెను. ఆ పిలుపు గుర్తు ఫోనులో నిలిచియుండినను ఆ సందడిలో మఱునాడు దాని నెవ్వరును చూడలేదు. ఆదివారము పండ్రెండయినది, రెండయినది. వానికి ఫోను చేసిన మ్రోగలేదు. విమానము తప్పిపోయియుండునని కొందఱనిరి. ప్రొద్దు గ్రుంకక ముందే కార్యము జరుగవలెనని పెద్దలు నిర్ణయించిరి. చిన్నవాడు నిప్పు పెట్టినాడు. మేము చెఱువున స్నానములు చేసి తడిబట్టలతో తిరిగి వచ్చుచుండగా, నాలుగున్నర గంటలకు, నా చేతిలోని ఫోను మ్రోగినది. "బాబాయ్, ఢిల్లీలో దిగాను. రాత్రికి హైదరాబాదు, తెల్లారేసరికి ఇంటి దగ్గర ఉంటాను" అన్నాడు.

వాడు చెప్పినది నిజమే. విమానము వచ్చినదియు వేళకే. తప్పినది నా లెక్క. సోమవారము ఉదయమువఱకు పెద్దలు ఆగియుందురో లేదో చెప్పజాలను. అది వారు తేల్చుకొనవలసిన విషయము. కాని తేల్చుకొనుటకు వారికి కావలసిన సరియైన గంటను నేనియ్యలేదు. ఆ పిమ్మట ఈ విషయమును కుదురుగా కూర్చుండి నేర్చుకొంటిని. నేడు మన జిల్లాలలో అమెరికాలో బిడ్డలు లేని వీథి యరుదు. మీలో నొకనికి ఎప్పుడో ఈ లెక్క నా వలెనే తొందరలో వేయవలసిరావచ్చును.

మొదట దూరమును గూర్చి చెప్పెదను.

బడిగోడమీద వ్రేలాడు ప్రపంచపటములో మన దేశము కుడివైపునను, అమెరికా ఎడమకొననుండును. ఆ పటము చూచినవానికి, అరేబియా, యూరపు, అట్లాంటిక్ సముద్రము దాటి పడమరగా పోవుటయే అమెరికాకు దారి యని తోచును. పటము చదునైనది, భూమి గుండ్రనిది. పిల్లలకు గోళము చూపించి చెప్పుదురు గాని, గోళము లేనిచోట గుమ్మడికాయ చాలును. చక్కని గుండ్రని కాయ నొకదానిని ముందు పెట్టుకొనుడు. తొడిమ యున్నచోటు ఉత్తరధ్రువము. తొడిమనుండి క్రిందికి దిగు చాళ్లే రేఖాంశములు. కాయ నడుము భూమధ్యరేఖ.

ఢిల్లీ నగరము తూర్పు రేఖాంశము 77, ఉత్తర అక్షాంశము 28½ ప్రాంతమున నున్నది. శాన్‌ఫ్రాన్సిస్కో పశ్చిమ రేఖాంశము 122½, ఉత్తర అక్షాంశము 37½ ప్రాంతమున నున్నది. ఢిల్లీనుండి తూర్పుగా లెక్కించిన ఈ రెంటి నడుమ 160½ అంశలు. పడమరగా లెక్కించిన 199½. 180 అంశలైనచో సరిగా ఎదురు ప్రక్కయే యగును. అనగా ఈ రెండు నగరములును గుమ్మడికాయకు ఇంచుమించుగా ఈవలి ప్రక్క నొకటియు ఆవలి ప్రక్క నొకటియు నున్నవి. రెండును నడుమునకు పైననే యున్నవి. ఈ రెండుచోట్లను సున్నపు చుక్కలు పెట్టి, ఒక దారము తీసికొని రెంటిని కలుపుడు. దారమును నడుమునకు సమానముగా కాయచుట్టును త్రిప్పి కొలిచిన నొక పొడవు వచ్చును. అదే దారమును తొడిమవైపునకు జరిపి బిగించి చూడుడు, చాల పొదుపగును. ఈ బిగించిన దారమే గోళముమీద అతిసమీపమైన దారి.

అంకెలలో చెప్పవలెనన్న, భూమిచుట్టు కొలత సుమారు 40,000 కిలోమీటరులు. రెండు నగరముల నడిమి అక్షాంశము వెంబడి తిన్నగా తూర్పునకు పోయిన దూరము దాదాపు 15,000 కిలోమీటరులు. బిగించిన దారపు దారిని దూరము సుమారు 12,400 కిలోమీటరులు. పటములో తిన్ననిదిగా కనబడు దారికన్న, వంకరగా కనబడు దారి 2,600 కిలోమీటరులు తక్కువ! ఆ దారి ఢిల్లీనుండి ఉత్తరమునకు కొంచెము తూర్పుగా మఱలి, హిమాలయములను దాటి, చైనాదేశపు పడమటి భాగముమీదుగా సైబీరియా చేరి, ఉత్తరసముద్రమున 75వ అక్షాంశమును దాటి, అలాస్కామీదుగా కెనడా పడమటితీరము ననుసరించి దిగును. ఉత్తరాభిముఖుడై బయలుదేరి దక్షిణాభిముఖుడై చేరుట! తూర్పా పడమరా యని అరుగుమీద వాదించుకొను మనకు ఇది వింతగా తోచును.

అయినను విమానములు సరిగా ఈ గీతవెంబడి పోవు. టిబెట్టు పీఠభూమి సముద్రమట్టమునకు నాలుగున్నర, అయిదు కిలోమీటరుల ఎత్తుననున్నది. విమానములోపలి గాలిబిగువు ఎప్పుడైన సడలినచో, జనులు ఊపిరి పీల్చుకొనగల మూడు కిలోమీటరుల ఎత్తునకు త్వరగా దిగవలెను. క్రింద నేలయే అయిదు కిలోమీటరులున్నప్పుడు ఎచటికి దిగును? కావున సాధారణముగా ఆ భాగమును తప్పించుకొని పోవుదురు.

ఇక కాలము. పెద్దవిమానము నిశ్చలమైన గాలిలో గంటకు సుమారు 900 కిలోమీటరులు పోవును. 12,400ను 900చేత భాగించిన పదునాలుగు గంటలకు కొంచెము తక్కువ వచ్చును. బడిపిల్లవాడును ఈ లెక్క చేయగలడు. కాని ఈ లెక్క తేల్చినదానికిని జరిగినదానికిని పొత్తు కుదరదు.

2015 డిసెంబరులో ఎయిరిండియావారు ఢిల్లీనుండి శాన్‌ఫ్రాన్సిస్కోకు ఎచటను దిగకుండ పోవు విమానమును మొదలుపెట్టిరి. మొదట అది పడమరగా, యూరపుమీదుగా, అట్లాంటిక్ సముద్రమును దాటి పోయెడిది. ఆ దారి సుమారు 13,900 కిలోమీటరులు. 2016 అక్టోబరులో దానిని తూర్పునకు మఱలించిరి. బంగ్లాదేశము, బర్మా, చైనా, జపాను దాటి పసిఫిక్ మహాసముద్రముమీదుగా పోవు ఆ క్రొత్తదారి 15,300 కిలోమీటరులు. అనగా పాతదానికన్న 1,400 కిలోమీటరులు ఎక్కువ. కాని అది పదునాలుగున్నర గంటలలో చేరెను. పాతదారికన్న దాదాపు రెండుగంటలు ముందు! దూరము పెరిగినది, కాలము తఱిగినది.

గోదావరి యొడ్డున పుట్టినవానికి ఈ చిక్కు విప్పి చెప్పనక్కఱలేదు. పాపికొండలనుండి రాజమహేంద్రవరమునకు వరదపోటుతో దిగు పడవకు తెడ్డువేయు పనియే లేదు. అదే పడవ ఎదురు పోవలెనన్న నెత్తురు చిందించి గడ వేయవలెను. నది యొకటే, పడవ యొకటే, దూరమును ఒకటే. ఆకాశమున కూడ అట్టి నది యున్నది. 15,300ను పదునాలుగున్నరచేత భాగించి చూడుడు: గంటకు 1,055 కిలోమీటరులు. విమానము సొంతవేగము 900. మిగిలిన 155 గాలి పెట్టిన భిక్ష.

ఈ గాలినది నేలకు తొమ్మిదిమొదలు పండ్రెండు కిలోమీటరుల ఎత్తున పడమటినుండి తూర్పునకు భూమిని చుట్టి ప్రవహించును. ఇరుకైన ప్రవాహము, శీతకాలమున ఉద్ధృతముగను, జపానుదేశముపై మిక్కిలి ఉద్ధృతముగను నుండును. ఒక్కొక్కప్పుడు గంటకు 300 కిలోమీటరులు మించును. దీనికి కారణము సూర్యుడును భూభ్రమణమును. భూమధ్యరేఖ ప్రాంతమున గాలి వేడెక్కి ఉబ్బును. ధ్రువప్రాంతమున చల్లబడి కుంచించుకొనును. కావున పైయాకాశమున గాలి వెచ్చనిచోటినుండి చల్లనిచోటికి జాఱబోవును. అట్లు ఉత్తరమునకు జాఱుగాలిని తిరుగుచున్న భూమి తన కుడివైపునకు, అనగా తూర్పునకు, మఱలించును. వేడికిని చలికిని నడుమ హద్దు ఎచట తీవ్రముగా నుండునో అచట ప్రవాహము బలముగా నుండును.

దీనిని మొదట కొలిచి చెప్పినవాడు జపానుదేశపు వాతావరణ శాస్త్రజ్ఞుడు ఓయిషి. ఆయన 1920 తరువాతి సంవత్సరములలో తతేనో యను చోటినుండి బుడగలను ఎగురవేసి, అవి కొట్టుకొనిపోవు వేగమును దూరదర్శినితో కొలిచెను. లోకమంతయు చదువునని తలచి తన నివేదికను 1926లో ఎస్పెరాంటో యను కల్పితభాషలో ప్రకటించెను. అందఱికిని అర్థము కావలెనని వ్రాసినది దాదాపుగా నెవ్వరును చదువలేదు. 1944 నవంబరులో జపానుమీద బాంబులు వేయుటకు ఎత్తుగా ఎగిరివచ్చిన అమెరికా విమానములు ఈ ప్రవాహమున చిక్కి, ఎదురు తిరిగినప్పుడు నిలిచినట్లే నిలిచిపోయి, గుఱి తప్పి కలవరపడినవి. అదే నెలలో జపానువారు కాగితపు బుడగలకు బాంబులు కట్టి ఆ గాలిలో విడువ నారంభించిరి. తొమ్మిదివేలకుపైగా విడిచిన వానిలో కొన్నివందలు మాత్రమే పసిఫిక్ మహాసముద్రము దాటి అమెరికాలో దొరకినవి. 1945 మే నెలలో వాని నొకదానివలన ఓరెగాను రాష్ట్రమున నొక స్త్రీయు అయిదుగురు పిల్లలును మరణించిరి. చంపుటకు ఉపయోగించిన ఆ గాలిని ప్రయాణమునకు ఉపయోగించుట యుద్ధము ముగిసిన పిమ్మట. 1952 నవంబరులో పాన్ అమెరికన్ కంపెనీవారి విమానము టోకియోనుండి హొనొలూలునకు ఈ ప్రవాహముమీద పోయి, పదునెనిమిది గంటల ప్రయాణమును పదునొకండున్నర గంటలకు తగ్గించెను.

ఇచట అరుగుమీద నొక పెద్దమనిషి వేసిన ప్రశ్న చెప్పవలెను. "భూమి తూర్పుకి తిరుగుతోంది గదా పంతులుగారూ! విమానం పైకిలేచి ఊరికే నిలబడితే, పడమటి దేశాలు వాటంతటవే కాళ్ల కిందికి రావాలి. అలాంటప్పుడు పడమరకి పోయేదే ముందు చేరాలి గదా?" ప్రశ్న చక్కనిది. ఆయన బడికి పోయినది నాలుగేండ్లేనట. నలుబదియేండ్ల నా కొలువులో ఒక్క విద్యార్థియు నన్ను ఇట్లడుగలేదు. దీనికి సమాధానము రైలుపెట్టెలో నున్నది. పోవుచున్న రైలులో కూర్చుండి పోకచెక్కను పైకెగురవేయుడు. తిరిగి మీ చేతనే పడును గాని వెనుకపెట్టెలో పడదు. పెట్టెతో పాటు దానిలోని గాలియు, మీరును, పోకచెక్కయు నొకే వేగమున పోవుచున్నారు. భూమితో పాటు దాని గాలియు తిరుగుచున్నది. విమానము ఆ గాలిలో ఈదుచున్నది. కావున భూభ్రమణము నేరుగా విమానమునకు లాభమును నష్టమును కలిగింపదు. గాలినది రూపమున మాత్రము, చుట్టుదారిని, లాభము కలిగించును. భూమి తిరుగుచున్నదని మన ఆర్యభటుడు క్రీ.శ. 499 ప్రాంతముననే చెప్పినాడు. పడవలో పోవువానికి గట్టుమీది చెట్లు వెనుకకు పోవునట్లు కనబడు దృష్టాంతమును ఆయనయే చూపినాడు.

2017 ఫిబ్రవరి 27వ తేదీన స్త్రీలే నడిపిన ఎయిరిండియా విమాన మొకటి ఢిల్లీనుండి పసిఫిక్ మహాసముద్రముమీదుగా శాన్‌ఫ్రాన్సిస్కోకు పోయి, అట్లాంటిక్ సముద్రముమీదుగా మార్చి 3వ తేదీన ఢిల్లీ చేరినది. పోవుటయు తూర్పే, వచ్చుటయు తూర్పే! భూప్రదక్షిణమే యైనది. 2021 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కోనుండి బెంగుళూరునకు ఉత్తరధ్రువముమీదుగా వచ్చిన విమానమును నడిపినవారును నలుగురు స్త్రీలే. వారిలో పాపాగారి తన్మయి యను తెలుగు ఆడపడుచు ఒకతె. ఆ రెండు నగరముల నడిమి దూరము సుమారు 14,000 కిలోమీటరులు. మా తరమువారు ఆడపిల్లకు పొరుగూరి బడి దూరమని మాన్పించినవారము.

గాలి యొక్కటియే కాదు, రాజకీయములును దారిని మార్చును. క్రింద దేశమున్నచోట పైయాకాశమునకు యజమాని యున్నాడు. 2022లో రష్యాకును ఉక్రెయినునకును యుద్ధము వచ్చినపిదప అమెరికా విమానములకు రష్యా ఆకాశము మూతపడినది. మన విమానములు మాత్రము ఆ యుత్తరపు దారిని పోవుచుండెను. 2023 జూనులో ఢిల్లీనుండి శాన్‌ఫ్రాన్సిస్కోకు పోవుచున్న విమానము ఇంజను చెడి, రష్యా తూర్పుకొననున్న మగదాన్ అను పట్టణమున దిగినది. రెండువందల మందికిపైగా ప్రయాణికులు భాష తెలియని యా యూర, బడిగదులలో కూడ పడుకొని, మఱియొక విమానము వచ్చువఱకు రెండురోజులు గడపిరి. 2025 ఏప్రిలులో పాకిస్తాను తన ఆకాశమును మన విమానములకు మూసివేయగా, పడమటి ప్రయాణములు పెక్కు చుట్టుదారి పట్టినవి. కావున నిరుటి ప్రయాణపు గంటలను ఈయేటి ప్రయాణమునకు ప్రమాణముగా పట్టుకొనరాదు.

ఇక నన్ను ముంచిన సంగతి, గడియారము.

మన సిద్ధాంతగ్రంథములలో భూమధ్యరేఖమీద తొంబదేసి అంశల దూరమున నాలుగు నగరములు చెప్పబడినవి: లంక, యమకోటి, సిద్ధపురము, రోమకము. లంకలో సూర్యోదయమైనప్పుడు తూర్పుననున్న యమకోటిలో మధ్యాహ్నము, ఎదురు ప్రక్కనున్న సిద్ధపురములో సూర్యాస్తమయము, రోమకములో అర్ధరాత్రి. ఇది నేను పదునాఱేండ్లప్పుడు మా గురువుగారి యెదుట వల్లెవేసిన పాఠము. ఉజ్జయినీ రేఖనుండి ఎంచిచూచిన, శాన్‌ఫ్రాన్సిస్కో ఆ సిద్ధపురపు రేఖకు పదునెనిమిది అంశల దూరముననే యున్నది. మన పెద్దవాడు కాపురమున్నది సిద్ధపురమునకు పొరుగూర! పాఠము నోటికి వచ్చియు ఆ రాత్రి నాకు అక్కఱకు రాలేదు.

భూమి యొక యంశ తిరుగుటకు నాలుగు నిమిషములు పట్టును. మన దేశమంతటికిని గడియారము 82½ అంశల తూర్పు రేఖాంశమునకు పెట్టబడినది. ఆ రేఖ మన కాకినాడకు దాపున పోవును. శాన్‌ఫ్రాన్సిస్కో గడియారము 120 అంశల పశ్చిమ రేఖాంశమునకు పెట్టబడినది. రెండును కూడిన 202½. నాలుగుచేత హెచ్చింప 810 నిమిషములు, అనగా పదుమూడున్నర గంటలు. మనము వారికన్న అంత ముందున్నాము. ఇది శీతకాలపు లెక్క. మార్చి రెండవ ఆదివారము మొదలు నవంబరు మొదటి ఆదివారమువఱకు వారు తమ గడియారములను గంట ముందునకు జరుపుకొందురు గనుక, అప్పుడు తేడా పండ్రెండున్నర గంటలే.

నోటిలెక్కకు సులువైన దారి యున్నది. వారి ఉదయమును మన రాత్రిగను, వారి రాత్రిని మన మఱునాటి ఉదయముగను త్రిప్పి, శీతకాలమైన గంటన్నర, తక్కిన కాలమున అరగంట కలుపుడు. మా వాడు చెప్పినది శనివారము ఉదయము పదిగంటలు. త్రిప్పిన శనివారము రాత్రి పది. గంటన్నర కలిపిన రాత్రి పదునొకండున్నర. దానికి పదునాఱు గంటలు కలిపిన ఆదివారము మధ్యాహ్నము మూడున్నర. నేను ముందు చేయవలసిన మార్పు చేయక, అమెరికా ఉదయమునకు పదునాఱు కలిపి దానిని ఢిల్లీ గంటగా చెప్పితిని. ఇంతే తప్పు. మూడున్నరకు విమానము ఢిల్లీలో నేలను తాకునప్పటికి మేము చెఱువుగట్టున నుంటిమి.

పోవునప్పుడు ఇదే లెక్క తలక్రిందుగా వచ్చి నవ్వు పుట్టించును. శీతకాలమున ఆదివారము తెల్లవారుజాము రెండుగంటలకు ఢిల్లీలో బయలుదేరినవాడు పదునాలుగున్నర గంటలు పోయి దిగునప్పటికి మనకు ఆదివారము సాయంకాలము నాలుగున్నర. అచటి గడియారము మాత్రము అదే ఆదివారము తెల్లవారుజాము మూడుగంటలు చూపును. టిక్కెట్టు మీద రెండింటికి ఎక్కి మూడింటికి దిగినట్లుండును. పసిఫిక్ మహాసముద్రమున 180వ రేఖాంశము దగ్గఱ తేదీ మాఱు గీత యున్నది. తూర్పుగా పోవుచు దానిని దాటినవానికి ఒక దినము వెనుకకు పోవును. టిక్కెట్టు మీద అచ్చువేయు గంటలు ఏ యూరి గంట ఆ యూరి గడియారముదే. అందుచే టిక్కెట్టు చూచి ఒకదానినుండి ఒకటి తీసివేసిన ప్రయాణకాలము రాదు. పిల్లలు ఫోనులో బయలుదేఱు గంట చెప్పినప్పుడు, "అది మీ గంటా, మా గంటా? ఢిల్లీలో దిగేది మన గడియారం ప్రకారం ఏ రోజు, ఎన్నింటికి?" అని మొగమాటము లేక అడుగుడు. ఏడ్చుచున్న పిల్లవానిని అది యడుగుట కష్టమే. నేను అడుగలేకపోతిని.

మా యన్నగారి సంవత్సరీకమునకు పెద్దవాడు రాగలిగినాడు, ఆ మఱుసటియేడు రాలేక, "అక్కడ ఏ తేదీన పెట్టుకోవాలి బాబాయ్?" అని అడిగినాడు. ఇదియు గడియారపు చిక్కే. తిథి ముగియు క్షణము లోకమంతటికి ఒక్కటే. కాని ఆబ్దికమునకు చూడవలసినది పెట్టువాడున్నచోట అపరాహ్ణమునందు ఏ తిథి యున్నదో అది. మన అపరాహ్ణము వానికి అర్ధరాత్రి. కావున వాని యపరాహ్ణమునకు ఆ తిథి యొక్కొక్కయేడు మన తేదీననే తగులును, ఒక్కొక్కయేడు ముందటి తేదీన తగులును. ప్రతిమాఘమునకు ముందు పంచాంగము తీసి, తిథి ముగియు గంటలోనుండి పదుమూడున్నర తీసివేసి చూచెదను. ఒకసారి వేసిన లెక్కను మఱునాడు మఱల వేసి, ఫోనులో వానిచేత కూడ వేయించి, రెండును కుదిరినపిమ్మటనే తేదీ చెప్పుచున్నాను.